ఆ రోజు గేదె వాళ్ళది

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చుంటే ఫోను ఒక్కసారిగా కుయ్యోమని అరిచింది. మామూలుగా మోగడం కాదు, పీక పిసికితే అరిచినట్టు అరిచింది. ఉలిక్కిపడి సగం కాఫీ చీర మీద ఒలకబోసుకున్నాను. తీరా చూస్తే తుఫాను హెచ్చరిక. తీరంలో ఉన్నవాళ్ళంతా సురక్షిత ప్రాంతాలకు వెళ్ళాలట. రాజమండ్రిలో మూడో అంతస్తులో కూర్చున్నదాన్ని, నాకెందుకయ్యా ఆ కేక?

టీవీ పెడితే అక్కడ ఇంకో రభస. రెయిన్‌కోటు వేసుకున్న కుర్రాడొకడు సముద్రం ఒడ్డున నిలబడి "మీరు చూస్తున్నట్టయితే" అంటూ మొదలెట్టాడు. చూస్తూనే ఉన్నాం కదా, ఆ చెప్పేదేదో చెప్పి ఏడు నాయనా! మా కోడలు మాత్రం అప్పుడే సంచీ తీసింది. ఆధార్ కార్డులు, మందులు, చార్జర్లు, పిల్లాడి సర్టిఫికెట్లు.

"అత్తయ్యగారూ, మీ బీపీ మాత్రలు ఎక్కడ పెట్టారండీ?" అని రెండుసార్లు అడిగింది. నా కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. తుఫాను కబురు వచ్చిందంటే ఆ సాయంత్రంలోగా తణుకు నుంచి నాకో ఫోను వస్తుంది. చేసేది మా పెదనాన్న కూతురు. దానికీ నాకూ మాటల్లేవు. మా పిల్లల పెళ్ళిళ్ళకి అది రాలేదు, దాని పిల్లల పెళ్ళిళ్ళకి నేను వెళ్ళలేదు, శుభలేఖలు కొరియర్లో పంపుకున్నాం. మాటల్లేని మనిషి ఫోనెందుకు చేస్తుందో చెప్పాలంటే ముందు మా గేదె సంగతి చెప్పాలి.

మాది కోనసీమ చివర ఊరు. పెరట్లో నిలబడితే కొబ్బరి చెట్లు, అవి దాటితే వరి చేలు, చేల అవతల ఉప్పుటేరు. దాని అవతల సముద్రం. కనబడేది కాదు గానీ వర్షాకాలం ముక్కుకి తెలిసేది. ఆరేసిన బట్టలు ఎంతకీ ఆరేవి కావు, డబ్బాలో ఉప్పు నీరు కారేది, పిడకల పొగ పైకి వెళ్ళకుండా ఇంట్లోనే తిరిగేది. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నాకు ఇల్లు గుర్తు రాదు, ఇంట్లో కొట్లాటలు గుర్తొస్తాయి.

ఒకే పెంకుటింట్లో రెండు కాపురాలు, మాదీ పెదనాన్న వాళ్ళదీ. మామ్మ పోయాక వాటాలు పంచుకున్నారు. పంచుకోవడమంటే అలా ఇలా కాదు. రోలు వాళ్ళకి, పొత్రం మాకు. కవ్వం మాకు, కవ్వం తాడు వాళ్ళకి. నడవకి అడ్డంగా తాటాకు తడిక కట్టారు. నడవ మధ్యలో ఒక టేకు స్తంభం ఉండేది. దాన్ని కోస్తే ఇల్లు కూలుతుంది కాబట్టి కొయ్యలేదు గానీ, కుదిరితే దాన్నీ నిలువునా చీల్చేవాళ్ళే. తడికని ఆ స్తంభానికే కట్టారు, సగం స్తంభం వాళ్ళవైపు, సగం మావైపు.

ఇంతకీ తగువు దేనికని అడిగితే అమ్మ ఒక కారణం చెప్పేది, నాన్న ఇంకొకటి చెప్పేవాడు. అవతల దొడ్డమ్మ, అంటే పెదనాన్న భార్య, మూడోది చెప్పేది. నాకు తెలిసి ఎవరికీ ఏదీ గుర్తులేదు. మర్చిపోయామని ఒప్పుకోవడం నామోషీ, అంతే.

మాటల్లేకపోయినా ఒక ఇంట్లో ఉన్నాక చెప్పుకోవాల్సినవి ఉంటాయి కదా. అవన్నీ స్తంభానికి చెప్పేవాళ్ళు. పెదనాన్న వచ్చి స్తంభం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "రేపు దొడ్లో కంప కొట్టిస్తున్నాం, పిల్లల్ని అటు రానివ్వద్దు" అనేవాడు. తడిక ఇవతల ఎవరుంటే వాళ్ళు విని లోపలికి మోసుకెళ్ళాలి. అది ఆ ఇంటి పద్ధతి. కాసేపటికి నాన్న వచ్చి అదే స్తంభానికి, "మా పిల్లలు మా హద్దులోనే ఉంటారు" అని జవాబు చెప్పేవాడు. చూసేవాళ్ళకి పిచ్చాసుపత్రిలా ఉండేది.

ఇక గేదె. ఒక్కటే గేదె. దాన్ని పంచడం ఎవరి వల్లా కాలేదు. మామ్మ మంచాన పడ్డప్పుడే కొడుకులిద్దర్నీ పిలిచి, "గేదెని అమ్మారంటే నేను పైన కూడా మిమ్మల్ని తిడుతూనే ఉంటాను. రోజు మార్చి రోజు వాడుకోండి" అని తేల్చేసింది. అందుకని ఒక రోజు వాళ్ళది, ఒక రోజు మాది. పొద్దు పొడిచిన దగ్గర్నించి మర్నాడు పొద్దు పొడిచేదాకా లెక్క. ఎవరి రోజున వాళ్ళే పాలు పితుక్కోవాలి, గడ్డి వెయ్యాలి, కుడితి పెట్టాలి, కడగాలి. ఆ రోజు పడిన పేడ కూడా వాళ్ళదే. ఒకసారి సరిగ్గా పొద్దు పొడిచే వేళకి గేదె పేడ వేసింది. అమ్మా దొడ్డమ్మా చెరో తట్ట పట్టుకుని, సూర్యుడు వచ్చాడా రాలేదా అని పొద్దెక్కేదాకా స్తంభంతో వాదించుకున్నారు. ఆ లోపల కోళ్ళు కెలికేశాయి.

ఆ గేదెంటే నాకు ప్రాణం. మా రోజున దాని మీదెక్కి కాలవకి తీసుకెళ్ళేదాన్ని. నీళ్ళలో పడుకుని ముక్కు మాత్రం పైకి పెట్టేది, నేను వీపు మీద కూర్చుని రేగుపళ్ళు తినేదాన్ని. వాళ్ళ రోజున పెదనాన్న కూతురు ఎక్కేది. అది నాకంటే ఏడాది పెద్ద. వరసకి అక్క. అక్కా గిక్కా నేనెప్పుడూ అనలేదు, 'అది' అనేదాన్ని. వాళ్ళమ్మ ఏదైనా పిండివంట చేస్తే తడిక కన్నంలోంచి చూపించి, చూపించి, కటుక్కున కొరికేది. నేను అదే కన్నంలోంచి చీపురుపుల్ల పెట్టి పొడిచేదాన్ని. గేదెకి మాత్రం ఈ గొడవ పట్టేది కాదు. ఎవరి రోజైనా సరే, నేను పక్కనుంచి పోతుంటే మెడ చాచి చెయ్యి నాకేది. నాకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉండేది, ఎందుకంటే ఆ ఇంట్లో ఊరికే నన్ను దగ్గరికి తీసుకున్నది అదొక్కటే.

అది కార్తీకమాసం. వరి పొట్ట మీద ఉంది. రెండ్రోజుల్నించి ఆకాశం కమిలిన కాయలా ఉంది, గాలి లేదు, కొబ్బరాకు కదల్లేదు. సాయంత్రం డప్పు వేసుకుంటూ దండోరా వచ్చింది. రేపు పొద్దు కుంకేలోగా అందరూ పక్క ఊరి డాబా బడికి పోవాలి, ట్రాక్టర్లు వస్తాయి, ముసలీ ముతకా ముందు ఎక్కాలి. ఆఖర్న డప్పు కొట్టే ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"పోయేముందు పశువుల పలుపులు విప్పెయ్యండహో! కట్టేసి పోకండహో!"

నేను నాన్నని అడిగాను, విప్పితే గేదె పారిపోదా అని. "నీళ్ళొస్తే గేదె ఈదుకుంటూ ఏ గట్టుకో చేరుతుంది. దానికి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. మెడకి తాడుంటేనే చస్తుంది," అన్నాడు. అది విన్నాను. బాగా విన్నాను. తరవాత తెలీదు అనడానికి నాకు వీల్లేదు.

మర్నాడు తెల్లారేసరికి ఇల్లంతా నూనె వాసన. ఇవతల అమ్మ చేగోడీలు వేయిస్తోంది, అవతల దొడ్డమ్మ జంతికలు వత్తుతోంది. బళ్ళో ఎన్నాళ్ళుండాలో తెలీదు కదా. కానీ వాళ్ళకి ఆకలి గురించి కంటే అవతలి మూకుడు చప్పుడు గురించే ఎక్కువ దిగులు. అవతల సుయ్యిమంటే అమ్మ ఇవతల ఇంకో వాయ వేసేది. తుఫానుకి పోతున్నారో పెళ్ళికి పోతున్నారో తెలిసేది కాదు.

నాన్న చెట్లెక్కే మనిషిని పిలిచి కొబ్బరికాయలన్నీ దింపించాడు, గాలికి ఎగిరి బుర్రలు పగలగొడతాయని. ముదురు కాయలు, లేత బొండాలు, అన్నీ. పెంకుల మీద కొబ్బరి తాళ్ళు అటూ ఇటూ వేసి గుంజలకి బిగించాడు. సగం కప్పుకే బిగించాడు, మిగతా సగం పెదనాన్నది. పెదనాన్న తన సగానికి వేరే తాళ్ళు వేసుకున్నాడు. గాలికి కప్పు లేచిపోతే సగమే లేస్తుందని ఇద్దరి నమ్మకం. పొలం కాగితాలు నూనెగుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టారు, వాటి మీద దేవుడి పటం, అగ్గిపెట్టెలు, నా ఒకే ఒక్క పట్టు పరికిణీ. ఆవకాయ జాడీలకి మూతిగుడ్డలు కట్టి అటకెక్కించారు.

ఇక బియ్యం. అమ్మ పెద్ద కాగు నిండా బియ్యం పోసి మూత పెట్టింది. మూత చుట్టూ పేడా బంకమట్టీ కలిపి మెత్తితే నీళ్ళు దూరవు. మట్టి ఉంది. నిన్నటి పేడ పిడకలైపోయింది, తాజా పేడ లేదు. ఎందుకంటే ఆ రోజు గేదె వాళ్ళది.

అమ్మ కాగు ముందు చతికిలపడి కూర్చుంది. తడిక అవతల, పాక దగ్గర, వెచ్చగా కుప్పలకొద్దీ పేడ. అడిగితే ఇచ్చేవాళ్ళేమో. అడగడమా? ప్రాణం పోయినా అడగదు. "ఉత్త మట్టే మెత్తుతాను, పోతే పోయాయి వెధవ బియ్యం," అంది. అలా అంటుంటే అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ కాగు బియ్యమే మాకు సంక్రాంతిదాకా తిండి.

నేనేం చేశాను? అమ్మని మెప్పిద్దామనుకున్నాను. తట్ట తీసుకుని పెరటి దోవన పాకలోకి దూరి రెండు దోసిళ్ళ పేడ ఎత్తాను. గేదె అలవాటుగా నా మోచెయ్యి నాకింది. దొడ్డి గుమ్మంలో పెదనాన్న కూతురు నిలబడి చూస్తోంది. దాని చేతిలో జంతిక. నాకేసి చూసి, ఆ జంతిక కొరికి, నింపాదిగా నమిలి, అప్పుడు అరిచింది.

"అమ్మా! పేడ దొంగ!"

దొడ్డమ్మ బయటికొచ్చి ఊరంతా వినపడేలా అందుకుంది. "ఆహా, ఎంత గొప్పింటి మనుషులండీ! నోరు తెరిచి అడగలేరు గానీ పిల్లచేత పేడ ఎత్తిస్తారు!" ఆ రోజు స్తంభంతో పని లేకపోయింది. తిన్నగా తడిక మీంచే వినిపించింది.

అమ్మ నా చేతిలో తట్ట లాక్కుని తడిక అవతలికి విసిరేసింది. విసనకర్ర తిరగేసి కాడతో నా వీపు మీదా కాళ్ళ మీదా ఎడాపెడా కొట్టింది. "వాళ్ళ రోజున ఆ గేదె వంక చూశావంటే కళ్ళు పీకేస్తాను! అది చచ్చినా బతికినా నీకనవసరం! విన్నావా?" ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ. విన్నానన్నాను. అమ్మ ఉత్త మట్టి మెత్తింది.

నేను నడవలో తడిక పక్కన మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నాను. వీపు భగభగమంటోంది. పగతో ఒళ్ళంతా ఉడికిపోతోంది. అందరూ చావాలి అనుకున్నాను. సరిగ్గా అప్పుడు మొదటి ట్రాక్టరు వచ్చింది. పెదనాన్న వాళ్ళు సామాను ఎక్కిస్తున్నారు. పెదనాన్న గబగబా వచ్చి స్తంభం ముందు నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు.

"మేం వెళ్ళిపోతున్నాం. గేదెని ఇప్పుడే విప్పితే పొట్ట మీదున్న చేలో పడుతుంది. వెనక ట్రాక్టరుకి వెళ్ళేవాళ్ళు పోయేముందు విప్పాలి. మర్చిపోకూడదు."

కాసేపు ఆగాడు. తడిక సందులోంచి నా పరికిణీ అంచు కనపడి ఉంటుంది. వినే మనిషి ఉందని చూసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ వంటింట్లో ఉంది, నాన్న కప్పు మీద. విన్నది నేనొక్కదాన్నే. లేచి చెప్పాలి. లేవలేదు. మీ మాటలు మొయ్యడానికి నేనే దొరికానా, పేడ దొంగనా? కాసేపయ్యాక చెప్దాంలే, వాళ్ళని కొంచెం ఏడవనీ అనుకున్నాను. ఇదంతా మొండితనమే. అప్పటికి ఇంకా పాపం కాలేదు.

భోజనాలయ్యాక గాలి మొదలైంది. మా ట్రాక్టరు వచ్చింది. ట్రంకుపెట్టె, పరుపు చుట్ట, చేగోడీల డబ్బా, వాటి మీద నన్ను ఎక్కించారు. అమ్మ తాళం వేసి వస్తూ, "గేదె?" అంది నాన్నతో.

"ఇవాళ వాళ్ళది కదా. పాలు పితుక్కుని మరీ వెళ్ళారు, విప్పకుండా పోతారా?" అన్నాడు నాన్న.

నేను ఎత్తుమీదున్నాను. గోడమీంచి పాక కనిపిస్తోంది. గుంజకి కట్టేసి ఉంది గేదె. గాలికి చెవులు వెనక్కి పెట్టి, ట్రాక్టరు కేసి చూస్తోంది. నాన్నా అని ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది. అమ్మ పక్కనే ఎక్కి కూర్చుంది, తన మోచెయ్యి నా వాచిన వీపుకి తగిలింది. కళ్ళు పీకేస్తానంది కదా, చచ్చినా బతికినా అనవసరమంది కదా, అనుకున్నాను. నోరు మూసుకున్నాను. ట్రాక్టరు మలుపు తిరిగింది.

డాబా బళ్ళో ఇసుక వేస్తే రాలనంత జనం. తడిబట్టలు, కిరసనాయిలు, పసిపిల్లల ఉచ్చ, చుట్టల పొగ, అన్ని వాసనలూ ఒకే గదిలో. మేం నల్లబల్ల కింద చోటు పట్టుకున్నాం, పెదనాన్న వాళ్ళు అవతలి గుమ్మం పక్కన. మధ్యలో సగం ఊరు కూర్చున్నా అమ్మకి దొడ్డమ్మ జంతికల డబ్బా కనపడుతూనే ఉంది. "చూడు, ఎవరికీ ఒక్కటి పెట్టదు," అంటూ తన డబ్బా ఒడిలోకి లాక్కుంది.

ఇంకా బోలెడు వెలుగుంది. వసారాలో మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళితే పెదనాన్న కూతురు నా వెనకే వచ్చింది. దాని మొహం పాలిపోయి ఉంది.

"విప్పారా?" అంది.

"ఏంటి?"

"గేదెని. నాన్న స్తంభానికి చెప్పాడు. విన్నావు కదా. విప్పారా?"

నేను నీళ్ళు తాగాను. గ్లాసు అడుగు కనిపించేదాకా తాగాను. లేదంటే ఏమవుతుంది? ఎందుకు చెప్పలేదని అందరూ నా మీద పడతారు. నాన్న, అమ్మ, పెదనాన్న, దొడ్డమ్మ, అంతా ఒకటై నన్ను కొడతారు. నన్ను కొట్టడానికైతే వాళ్ళంతా ఒకటవుతారని నాకు తెలుసు.

"విప్పాం," అన్నాను.

"నిజంగా?"

"చెప్పాను కదే, చెవుడా?"

అది చెయ్యి చాపింది. "ఒట్టెయ్యి." దాని అరచేతిలో నా అరచెయ్యి వేశాను. చల్లగా ఉంది దాని చెయ్యి.

అది వెనక్కెళ్ళడం చూశాను. పెదనాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, తలకి తువ్వాలు చుట్టుకుని, పంచె ఎగగట్టి, చేతిలో కర్రతో. ఊళ్ళోకి పోవడానికే లేచాడని చిన్నపిల్లనైనా నాకర్థమైంది. గట్టు మీద ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు, వెళ్ళిరావచ్చు. అది ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల మీది తువ్వాలు విప్పి, భుజాన వేసుకుని, కూర్చుని చుట్ట వెలిగించాడు. నేను చూస్తూనే ఉన్నాను. వెళ్ళి చెప్పడానికి అడుగు పడలేదు. దీపాల వేళకి సముద్రం వచ్చిందన్నారు.

మర్నాడు మధ్యాహ్నానికి నీళ్ళు మోకాళ్ళ లోతుకి దిగాయి. నాన్న నన్ను భుజాన వేసుకున్నాడు, అమ్మ చీర ఎగదోపుకుని నడిచింది. వెనక పెదనాన్న వాళ్ళు. ఊరంతా బురద కంపు. మా ఇల్లు కాస్త మెరక మీదది కాబట్టి దొడ్లో నీళ్ళు తీసేసి బురదే మిగిలింది. మా ఇంటి కప్పు లేచిపోయింది, వాళ్ళ సగమూ మా సగమూ కలిసే పోయింది. తడిక ఎటో కొట్టుకుపోయింది. కాగులో బియ్యం ఉప్పునీళ్ళకి ఉబ్బి మూతని తోసేశాయి. స్తంభం మాత్రం దిష్టిబొమ్మలా నిలబడే ఉంది.

పాక లేదు. గుంజ ఉంది. గేదె గుంజ చుట్టూ తిరిగి, తిరిగి, పలుపంతా గుంజకి చుట్టుకుపోయి, తల కదపడానికి జానెడు కూడా మిగల్లేదు. నేల మీద బురదలో గిట్టల గుర్తులు గుండ్రంగా లోతుగా దిగి ఉన్నాయి.

తరవాత పెదనాన్న మెల్లిగా వెళ్ళి స్తంభం ముందు నిలబడ్డాడు. అడ్డం తడిక లేదు, ఎదురుగా నాన్న కనిపిస్తూనే ఉన్నాడు. అయినా స్తంభానికే చెప్పాడు.

"ఇవాళ మాది కాదు. ఎవరి రోజైతే వాళ్ళే ఈడ్చుకెళ్ళి పూడ్చాలి."

నాన్న కూడా స్తంభానికే చెప్పాడు. "చచ్చింది ఎవరి రోజునో దీనికీ తెలుసు."

"విప్పమని చెప్పి వెళ్ళాను!"

"ఎవరికి చెప్పావురా? ఎవరికి?" నాన్న మొదటిసారి అన్నగారిని తిన్నగా చూసి అడిగిన మాట అది. అన్నగారిని రా అన్నాడు. మరుక్షణం ఇద్దరూ ఒకరి పీక ఒకరు పట్టుకుని బురదలో దొర్లారు. పక్కింటి వాళ్ళు విడదీశారు. పెదనాన్న లేచి, రొప్పుతూ, కూతురి వైపు తిరిగాడు.

"విప్పేశారని నువ్వే కదే చెప్పావు? నీకెవరు చెప్పారు?"

అది నన్ను చూసింది. నేను అమ్మ కొంగు వెనక ఉన్నాను. నా పేరు చెబితే చాలు. ఎంతసేపు చూసిందో నాకు తెలీదు.

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను," అంది.

పెదనాన్న కొబ్బరిమట్టతో కొట్టాడు. దొడ్డమ్మ అడ్డు పడలేదు, తనూ రెండు వేసింది. అది ఏడవలేదు. నాకు పడాల్సిన దెబ్బలు ఒక్కొక్కటే దాని మీద పడుతుంటే నేను కొంగు నమిలాను. ఒక్క మాట రాలేదు నా నోట్లోంచి. అంతకన్నా నీచమైన పని నేను మళ్ళీ చెయ్యలేదు, చెయ్యడానికి కుదరలేదు కూడా.

కొట్టడం అయ్యాక అది కొడవలి తెచ్చి, గేదె మెడ దగ్గర కూర్చుని, పలుపు కోసింది. నీళ్ళకి ఉబ్బిన తాడు తొందరగా తెగలేదు. తెగాక ఆ ముక్క తెచ్చి నా కాళ్ళ దగ్గర పడేసింది.

"ఇవాళ మీ రోజు," అంది.

అంతే. తరవాత నాతో మాట్లాడలేదు. నాన్న, ఇంకో ఇద్దరు కలిసి గేదెని గట్టు పక్కన ఇసకలో పూడ్చారు. పంచుకోవడానికి ఇంక ఏమీ లేకపోయింది. పెదనాన్న వాళ్ళు ఊరి అవతల ఇల్లు కట్టుకున్నారు, మేం స్తంభం ఉన్న ఇంట్లోనే కప్పు వేసుకున్నాం.

నేను పెళ్ళయి సామర్లకోట వెళ్ళాక మొదటి తుఫాను వచ్చిన నాలుగో రోజున నాకో కార్డు వచ్చింది. క్షేమం, సమాచారం, ఏమీ లేవు. 'విప్పారా?' అన్న ఒక్క మాటే ఉంది. మా ఆయన చదివి, "ఇదేం పిచ్చి?" అన్నాడు. ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. జవాబు మాత్రం రాశాను, 'విప్పాం' అని. తరవాత ఇళ్ళలోకి ఫోన్లు వచ్చాయి. తరవాత చేతుల్లోకి వచ్చాయి. ఎన్ని తుఫాన్లు వచ్చాయో అన్ని ఫోన్లూ వచ్చాయి. అది "విప్పారా?" అంటుంది. నేను "విప్పాం" అంటాను. "సరే," అని పెట్టేస్తుంది. దానికి తణుకులో మేడ, నాకిక్కడ ఫ్లాటు, గేదె మొహం చూసి ఇద్దరికీ ఎన్నేళ్ళయిందో. ప్రతిసారీ నాకు ఒళ్ళు మండిపోయేది. పగ సాధిస్తోంది, చచ్చేదాకా వదలదు ఇది, అనుకునేదాన్ని. తెలిసి అడుగుతోందని నాకు తెలుసు. పలుపు కోసిన మనిషికి నేను అబద్ధం చెప్పానని వేరే ఎవరు చెప్పాలి?

మొన్న సాయంత్రం కోడలు సంచీ జిప్పు వేస్తూ, "అత్తయ్యగారూ, ఒకసారి ఆలోచించండి. ఇంకేమైనా మర్చిపోయామా అండీ?" అంది. అప్పుడే ఫోను మోగింది.

"విప్పారా?"

గొంతు ముసలిదైపోయింది. మధ్యలో దగ్గు. అలవాటుగా 'వి' దాకా వచ్చింది నా నోట్లో. అక్కడ ఆగిపోయింది. కోడలు నన్నే చూస్తోంది.

"లేదే అక్కా," అన్నాను. "విప్పలేదు. పెదనాన్న స్తంభానికి చెప్పడం విన్నాను. ట్రాక్టరు మీంచి గేదె కట్టేసి ఉండగా చూశాను కూడా. నీ చేతిలో చెయ్యేసి అబద్ధమాడాను. నీకు దెబ్బలు పడుతుంటే నిలబడి చూశాను."

అవతల వాళ్ళింట్లో కుక్కరు కూత వేసింది. అదే టీవీ కుర్రాడు అక్కడా అరుస్తున్నాడు. ఎవరో దాని పక్కన "ఎవరమ్మా?" అని అడిగారు. ముక్కు ఎగబీల్చడం వినిపించింది, ఒకసారే.

"అక్కడ గాలి మొదలైందా?" అంది చివరికి.

"ఇంకా లేదు."

"కిటికీలు వేసుకో." మళ్ళీ దగ్గింది. "ఇన్నాళ్ళూ నేనే చేస్తున్నాను. రేపు నువ్వు చెయ్యి. రేపు నీ రోజు."

పెట్టేసింది. కోడలు నా పక్కన కూర్చుని, "ఎవరండీ ఆవిడ? గేదె ఏంటండీ?" అంది.

"మా అక్క," అన్నాను. "రేపు పొద్దు పొడవగానే నన్ను లేపమ్మా. ఆలస్యమైతే అది ఊరుకోదు."